మీ అమ్మగారి పుట్టింటి పేరు ఏమిటి?



మీరు ఒక ఫారం నింపుతున్నారనుకోండి. కాగితం ఫారం కాదు, కంప్యూటర్లోనో సెల్‌ఫోన్లోనో నింపేది. మెయిలు ఖాతా కోసం కావచ్చు, రైలు టికెట్ల కోసం కావచ్చు, బ్యాంకు పనులు ఇంట్లో నుంచే చూసుకోవడానికి కావచ్చు. పేరు రాశారు. పుట్టిన తేదీ రాశారు. పాస్‌వర్డ్ పెట్టారు. హమ్మయ్య, అయిపోయింది అనుకునేసరికి ఇంకో గడి కనిపిస్తుంది. సెక్యూరిటీ క్వశ్చన్. మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి? మీరు పుట్టిన ఊరు ఏది? మీకు మొదట పాఠం చెప్పిన టీచరు పేరేమిటి? వీటిలో ఒకటి ఎంచుకుని జవాబు రాయమంటుంది.

ఎందుకు అడుగుతుందంటే, రేపెప్పుడైనా మీరు పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ ఇదే ప్రశ్న వేస్తుంది. మీరు ఇదే జవాబు చెప్పారనుకోండి, అసలు మనిషి మీరేనని నమ్ముతుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. ఇదీ ఏర్పాటు.

ఇవాళ ఈ ప్రశ్నల గురించే మీతో మాట్లాడదలచుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ప్రశ్నలు మన ఖాతాలను కాపాడవు. పైగా రెండు రకాలుగా హాని చేస్తాయి. రాకూడనివాణ్ని లోపలికి రానిస్తాయి. రావలసినవాణ్ని బయటే నిలబెడతాయి. మళ్లీ చెబుతున్నాను. పరాయివాడికి దారి ఇస్తాయి, సొంతదారుకి దారి మూసేస్తాయి.

ముందు, పరాయివాడి సంగతి చూద్దాం.

మనం రైలెక్కుతాం. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. బండి కదిలి పట్టుమని పది నిమిషాలు కాకముందే మాట కలుపుతుంది. "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేమిటి? అమ్మగారిది ఏ ఊరు? మేనమామలు ఏం చేస్తారు?" మనం చెబుతాం. చెప్పకపోతే మర్యాద కాదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మా తోడికోడలు వాళ్లకు మీరు దగ్గరివాళ్లే" అంటుంది. అరటిపండు చేతిలో పెడుతుంది. మనుషులు మనుషులకు దగ్గరయ్యే పద్ధతి ఇది. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఇది పోకూడదు.

అయితే ఒక్కసారి గమనించండి. ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నలేవి? కంప్యూటరు అడిగిన ప్రశ్నలేవి? రెండూ ఒకటే.

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు మొదట తెలుసుకునేది ఇంటిపేరు, గోత్రం, మేనమామల వైపు వివరాలు. మేనరికం ఉన్న కుటుంబాల్లో అయితే తల్లి పుట్టింటి పేరూ, భార్య పుట్టింటి పేరూ ఒకటే కావచ్చు. ఇంట్లో పెళ్లి జరిగితే శుభలేఖ అచ్చువేసి ఊరంతా పంచుతాం. ఇప్పుడు దాన్నే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాం. అందులో ఉంటాయి అందరి పేర్లూ, ఊళ్లూ. తల్లి పుట్టింటి పేరు మన దగ్గర రహస్యం ఎప్పుడూ కాదు. అది మనం గర్వంగా చెప్పుకునే సంగతి.

పుట్టిన ఊరు చూడండి. మొదటి కాన్పుకి ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆచారం. అందుకే మనలో ఎంతోమంది అమ్మమ్మగారి ఊళ్లోనో, దాని దగ్గరి పట్నంలో ఆసుపత్రిలోనో పుట్టారు. అమ్మమ్మగారి ఊరేదో తెలిస్తే పుట్టిన ఊరు తెలిసినట్టే. మొదటి టీచరు పేరు సంగతి? పల్లెటూళ్లో ఒకే బడి, ఒకే మాస్టారు. ఆయన పాతికేళ్లు అక్కడే పనిచేశారనుకోండి, ఊళ్లో రెండు తరాలకు ఒకటే జవాబు. చిన్నప్పుడు మీరున్న వీధి పేరేమిటి అని ఇంకో ప్రశ్న. మన ఊళ్లలో రామాలయం వీధి లేని ఊళ్లెన్ని చెప్పండి.

రహస్యం అంటే నాకు ఒక్కడికే తెలిసినది. ఈ ప్రశ్నలు అడిగేవి పదిమందికీ తెలిసినవి. తేడా అక్కడే ఉంది.

ఈ ప్రశ్నలు మనకోసం పుట్టినవి కావు. పడమటి దేశాల్లో పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకునే స్త్రీలు ఎక్కువ. పాత ఇంటిపేరు వాడుకలో నుంచి జారిపోతుంది. కాబట్టి అది బయటివాళ్లకు తెలియదులే అనుకుని అక్కడి బ్యాంకులు చాలా కాలం నుంచి దాన్ని గుర్తుగా అడుగుతూ వచ్చాయి. ఇంటర్నెట్ వచ్చాక అదే పద్ధతి కంప్యూటర్లోకి చేరింది. అక్కడినుంచి మన దాకా వచ్చింది. మన పిల్లలు అమెరికా వెళ్లి బ్యాంకు ఖాతా తెరిస్తే, మీ మొదటి కారు ఏ కంపెనీది, మీ హైస్కూలు మస్కట్ ఏమిటి అని అడిగే చోట్లున్నాయి. మస్కట్ అంటే అక్కడి చాలా బడులకు గుర్తుగా ఉండే పులో, గద్దో, ఎలుగుబంటో. గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన పిల్లవాడు దానికి ఏం రాస్తాడు?

సరే, అక్కడివాళ్లకైనా ఈ పద్ధతి పనికొచ్చిందా? లేదు. ఒక నిజమైన సంఘటన చెబుతాను. 2008 సెప్టెంబరు. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల వేడి. అలాస్కా రాష్ట్ర గవర్నరు సారా పేలిన్ అప్పుడు ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. ఆవిడకు యాహూలో ఒక మెయిలు ఖాతా ఉంది. టెనెస్సీ రాష్ట్రంలో చదువుకుంటున్న 20 ఏళ్ల కుర్రాడొకడు ఆ ఖాతా తెరవాలనుకున్నాడు. పాస్‌వర్డ్ తెలియదు. పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కాడు.

యాహూ అడిగింది, పుట్టిన తేదీ ఏమిటి? ఆవిడ ప్రజాజీవితంలో ఉన్న మనిషి, తేదీ ఇంటర్నెట్‌లోనే ఉంది. పోస్టల్ పిన్ కోడ్ ఏమిటి? ఆవిడ ఉండేది వసిల్లా అనే చిన్న పట్నంలో. అక్కడ కోడ్‌లు ఎన్నో ఉండవు. ఇక చివరి ప్రశ్న. మీ భర్తను మొదట ఎక్కడ కలిశారు? వాళ్లిద్దరూ హైస్కూల్లో ఒకరికొకరు తెలుసునని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. రెండు మూడు రకాలుగా రాసి చూశాడు. వసిల్లా హై అన్నాడు. ఖాతా తెరుచుకుంది. ఉత్తరాల ఫోటోలు లోకమంతా చూసింది.

చూశారా. పాస్‌వర్డు ఏదో ఆ కుర్రాడికి తెలియనే తెలియదు. కంప్యూటరు విద్యలో ఆరితేరినవాడు కానక్కర్లేదు. పేపరు చదవడం వస్తే చాలు. తర్వాత అతనికి జైలు శిక్ష పడింది, అది వేరే విషయం. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా దాని పక్కనే ఈ ప్రశ్న ఉంటే, వీధి గుమ్మానికి ఇనుప తాళం వేసి పెరటి తలుపు దగ్గరకు వేసి వదిలేసినట్టే. దొంగ పెరటి వైపే వస్తాడు.

మేం పేరున్నవాళ్లం కాము, మా గురించి పేపర్లు రాయవు అంటారా? 2015లో గూగుల్‌లో పనిచేసే పరిశోధకులు ఇలాంటి ప్రశ్నలకు జనం ఇచ్చిన కోట్ల జవాబులను పరిశీలించారు. మీకు ఇష్టమైన తిండి ఏమిటి అన్న ప్రశ్న తీసుకుంటే, ఇంగ్లీషు మాట్లాడేవారిలో ఒకే ఒక్క ఊహతో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరి జవాబు దొరికిపోతుంది. ఆ ఊహ పిజ్జా. అంతే. ఆ మనిషి ఎవరో తెలియక్కర్లేదు. ఇదే ప్రశ్న మన హైదరాబాద్‌లో వేస్తే మొదటి ఊహ ఏమై ఉంటుందో మీరు ఇప్పటికే మనసులో అనుకుని ఉంటారు. అభిమాన హీరో ఎవరు అన్న ప్రశ్నకైనా అంతే. వేళ్ల మీద లెక్కపెట్టే పేర్లతో సగం రాష్ట్రం జవాబులు వచ్చేస్తాయి.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. దొంగ అనగానే ఎక్కడో దూరాన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాణ్ని ఊహించుకుంటాం. దగ్గరివాళ్ల నుంచే కాపాడుకోవలసిన మనుషులు మన మధ్యనే ఉన్నారు. భర్త నుంచి విడిపోయి వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న స్త్రీ ఉంది. ఆస్తి తగాదాలో అన్నదమ్ములతో కోర్టుకెక్కిన మనిషి ఉన్నాడు. ఇంట్లో చెప్పకుండా పై చదువుకి దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయి ఉంది. ఆ భర్తకు ఆమె అమ్మ పుట్టింటి పేరు తెలియదా? ఆ అన్నకు తమ్ముడి మొదటి మాస్టారెవరో తెలియదా? ఆ ఇంట్లోవాళ్లకు ఆ అమ్మాయి పెంచిన కుక్కపిల్ల పేరు తెలియదా? ఎవరి నుంచి తప్పించుకోవాలో వాళ్లకే తెలిసిన జవాబులివి. 2009లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఖాతాదారు నమ్మి ఖాతా అప్పగించని పరిచయస్థులు కూడా నూటికి 17 జవాబులు సరిగ్గా ఊహించారు. పరిచయస్థులే అంత చెబితే, ఒకే కప్పు కింద బతికినవాళ్ల మాట చెప్పాలా?

ఇది మొదటి హాని. రాకూడనివాణ్ని రానివ్వడం.

రెండో హాని, సొంతదారుని బయట నిలబెట్టడం. ఇది మరీ అన్యాయం.

నా జీవితం గురించి నన్నే అడిగితే నేను తప్పు చెబుతానా అనిపిస్తుంది. కంప్యూటరుకు కావలసింది సరైన జవాబు కాదు, అప్పుడు ఏ అక్షరాలు కొట్టారో సరిగ్గా ఆ అక్షరాలు. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడంలో ఎన్ని రకాలున్నాయో మీకు తెలుసు. లక్ష్మి అని రాయాలి. మధ్యలో ఎక్స్ పెట్టారా, కె ఎస్ హెచ్ పెట్టారా? చివర ఐ పెట్టారా, వై పెట్టారా? మాస్టారి పేరు ముందు ఇంటిపేరు రాశారా? చివర మాస్టారు అని చేర్చారా, గారు అని చేర్చారా? పదేళ్ల కింద ఏం కొట్టామో ఎవరికి గుర్తుంటుంది?

ఊరి పేరైనా నిలకడగా ఉంటుందా అంటే, అదీ లేదు. కడప పేరును ఇంగ్లీషులో సి తో మొదలుపెట్టి రాసేవారు. 2005లో దాన్ని మార్చి కె తో రాయడం మొదలుపెట్టారు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. విశాఖపట్నంలో పుట్టినవాడు అప్పుడు విశాఖపట్నం అని పూర్తిగా రాశాడో, వైజాగ్ అని రాసి ఊరుకున్నాడో. మూడుసార్లు తప్పు కొడితే ఖాతా బిగుసుకుపోతుంది. నిజం చెప్పినవాడు అబద్ధీకుడవుతాడు. ఇంతకుముందు చెప్పిన గూగుల్ పరిశోధనలోనే ఈ సంగతీ ఉంది. అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో 40 శాతం మంది, అవసరం వచ్చినప్పుడు తమ జవాబు తాము గుర్తు తెచ్చుకోలేకపోయారు. సొంత భాషలో, సొంత లిపిలో రాసుకునేవాళ్లే అలా ఉంటే, మన సంగతి వేరే చెప్పాలా.

మన దగ్గర ఇంకో పెద్ద చిక్కు ఉంది. మనలో ఎంతోమంది ఈ ఫారాలు సొంతంగా నింపరు. నెట్ సెంటర్‌కు వెళతారు. అక్కడి అబ్బాయి నింపుతాడు. బయట క్యూ ఉంటుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, గడువు ఆ రోజే ఆఖరు. సెక్యూరిటీ క్వశ్చన్ రాగానే ఆ అబ్బాయి అడగడు. ఏదో ఒక ప్రశ్న ఎంచుకుని, ఏదో ఒక జవాబు కొట్టేస్తాడు. రోజంతా వచ్చినవాళ్లందరికీ అదే ప్రశ్న, అదే జవాబు పెట్టే చోట్లూ ఉంటాయి. అతన్ని నేను తప్పుపట్టను. అతని పని ఫారం పంపించడం. కానీ ఆ ఫారం ఇచ్చిన రైతుకో, ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టిన కుర్రాడికో తన పేరు మీద ఒక ప్రశ్న ఉందనీ, దానికో జవాబు ఉందనీ తెలియనే తెలియదు. ఏడాది తర్వాత హాల్ టికెట్టు దింపుకోవడానికి ఆ ఖాతా తెరవాలి. అమ్మ పేరు రాస్తాడు, తప్పు అంటుంది. సొంత అమ్మ పేరు తప్పు అంటుంది! పరీక్ష ఎల్లుండి ఉంటుంది. ఆ కుర్రాడి ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఇలాంటివాళ్లను, జాగ్రత్త లేదు, చదువు లేదు అని కసురుతుంటారు. తప్పు ఆ ఏర్పాటుది. మనిషిది కాదు.

ఇంకొక మాట. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. అమ్మ పుట్టింటి పేరు బయటపడితే ఏం మారుస్తారు? పద్ధతిగా నడిచే సంస్థలు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచవు. లెక్కగట్టి, తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి దాస్తాయి. ఈ జవాబులను మాత్రం కొన్నిచోట్ల మామూలుగా చదవగలిగే రూపంలోనే ఉంచారు. యాహూ నుంచి 2014లో 50 కోట్ల ఖాతాల వివరాలు దొంగతనంగా పోయాయి. వాటిలో సెక్యూరిటీ ప్రశ్నలూ జవాబులూ కూడా ఉన్నాయని, కొన్ని మామూలు రూపంలోనే ఉన్నాయని ఆ కంపెనీయే తర్వాత చెప్పింది. ఒకచోట పోయిన జవాబు ఇంకోచోట పనికొస్తుంది. ఎందుకంటే అన్ని చోట్లా అడిగేది అవే ప్రశ్నలు.

మరి మనం ఏం చేయాలి?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఆ గడిలో నిజం రాయకండి. అవును, నిజం రాయకండి. కోర్టులో ప్రమాణం చేసి చెప్పే సాక్ష్యం కాదది. పుట్టిన తేదీ, తండ్రి పేరు లాంటి అధికారిక వివరాలు అడిగే గళ్లలో నిజమే రాయాలి, అందులో సందేహం లేదు. నేను చెబుతున్నది ఒక్క సెక్యూరిటీ క్వశ్చన్ గడి గురించి. అక్కడ అమ్మ పుట్టింటి పేరు అడిగితే, ఆ ప్రశ్నతో ఏ సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి రాయండి. గొడుగు, జామచెట్టు, మంగళవారం, ఇత్తడి చెంబు, ఇలా. ఇప్పుడు నేను చెప్పినవి వాడకండి, మీరే ఆలోచించుకోండి. ఒక అబద్ధపు ఇంటిపేరు రాస్తే చాలదు. అబద్ధం రాసేటప్పుడు కూడా జనం ఒకే రకం అబద్ధాలు రాస్తారని ఆ గూగుల్ పరిశోధనలోనే తేలింది. అందుకే పొంతన లేని మాటలు కావాలి.

మరి అవి గుర్తుంటాయా? ఉండవు. గుర్తుంచుకోనక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ ఖాతా, ఏ ప్రశ్న, ఏ జవాబు, అక్షరం అక్షరం రాయండి. ఆ పుస్తకం ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. పాస్‌వర్డులు రాసుకోకూడదు అని మనకు చాలాకాలంగా నూరిపోశారు. ఆఫీసు టేబులు మీద చీటీ అంటించడం తప్పే. ఇంటి బీరువాలో పుస్తకం దాచుకోవడం వేరు. ఎక్కడో వేరే దేశంలో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. ఇంట్లోవాళ్ల నుంచే జాగ్రత్త పడవలసినవాళ్లు మాత్రం ఈ పుస్తకం నమ్మకమైన స్నేహితుల దగ్గరో, ఉద్యోగం చేసేచోట తాళం ఉన్న సొరుగులోనో పెట్టుకోవాలి. కంప్యూటరు బాగా అలవాటున్నవాళ్లకు పాస్‌వర్డులు దాచే యాప్‌లున్నాయి, అవీ మంచివే.

నెట్ సెంటర్‌కు వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి. "బాబూ, సెక్యూరిటీ క్వశ్చన్ వస్తే నన్నడుగు, నేను చెబుతాను, ఏం కొట్టావో కాగితం మీద రాసివ్వు." మెయిలు, ఫోను నంబరు అడిగిన చోట అతనివి పెట్టకుండా మీవే పెట్టమనండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఫోను నంబరు గురించి ఒక హెచ్చరిక. ఇప్పుడు చాలాచోట్ల ఈ ప్రశ్నల స్థానంలో ఓటీపీ వచ్చింది. ప్రశ్నల కంటే అది ఎంతో నయం. కానీ పాత సిమ్ వదిలేసి కొత్తది తీసుకున్నప్పుడు బ్యాంకులోనూ మెయిల్లోనూ నంబరు మార్పించడం మరిచిపోతాం. వాడకం ఆగిపోయిన నంబరును 90 రోజులు ఆగాక కంపెనీలు వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ఎవరికి పోతుంది? కాబట్టి సిమ్ మార్చిన వారంలోనే ఆ పని పూర్తిచేయండి. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్లకూ చెప్పండి, ఇక్కడి నంబరు రీచార్జి లేక ఆగిపోకుండా చూసుకోమని.

ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో సరదాగా తిరిగే ఆటలుంటాయి. మీ మొదటి టీచరు పేరు రాయండి, మీ చిన్ననాటి వీధి పేరు రాయండి, చూద్దాం ఎంతమందికి గుర్తుందో అని. మాస్టారిని తలుచుకోవడం మంచి విషయమే. అయితే పాత ఖాతాల్లో మీరు ఇదివరకే నిజం రాసి ఉంటే, ముందు అక్కడ జవాబు మార్చుకోండి. తర్వాత తీరిగ్గా మాస్టారి గురించి ఎంతైనా రాసుకోండి.

ఇదంతా మన వంతు. దీనికంటే పెద్ద వంతు సంస్థలది. అమెరికాలో ప్రభుత్వ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నిస్ట్, పాస్‌వర్డు పెట్టుకునేటప్పుడు మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి లాంటి ప్రశ్నలు అడగనే కూడదని 2017లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. ఈ ప్రశ్నను ఒక్కదాన్నే నమ్ముకుని ఖాతా తిరిగి ఇవ్వకూడదని గూగుల్ పరిశోధకులు అంతకుముందే తేల్చారు. ఫోను వేలిముద్రతో తెరుచుకునే పాస్‌కీ పద్ధతి ఇప్పుడు మామూలు ఫోన్లలోకి కూడా వచ్చింది. అయినా ఈ ప్రశ్నలు ఇంకా చాలా ఫారాల్లో అలాగే ఉన్నాయి. తీసేయడానికి ఎవరూ పూనుకోక ఉన్నాయి. ఆ ఫారాలు తయారుచేసేవారు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు నా విన్నపం. ఆ గడి తీసేయండి. తీసేయలేకపోతే కనీసం తప్పనిసరి చేయకండి. ఖాతా బిగుసుకుపోయినవాడు గుర్తింపు కార్డు పట్టుకుని స్వయంగా వచ్చి చూపిస్తే తెరిచి ఇచ్చే ఒక కౌంటరు పెట్టండి. పరీక్షల గడువుల రోజుల్లో ఆ కౌంటరు పనిచేయాలి. ఫోను చేసినవారి మాట తెలుగులో వినేవాళ్లు అక్కడుండాలి.

ఇప్పటికే ఎవరైనా మీ ఖాతాలోకి జొరబడి డబ్బు తీసుకున్నారనిపిస్తే, ఎవరు చేశారు, ఎలా చేశారు అని ఆలోచిస్తూ కూర్చోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. దేశమంతటికీ అదే నంబరు. ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలోనే ఆపడానికి అంత వీలుంటుంది. నంబరు మరోసారి, 1930.